ఎవ్వరిదియు గాని చోటు

అలాస్కానుండి మేము తిరిగివచ్చిన పిమ్మట మా వీథివారును, తోటి యుపాధ్యాయులును, బంధువులును చూడవచ్చి, "అచ్చట నేమి చూచితిరి?" అని యడుగుచుండిరి. మొదటి పదునైదు దినములు మేమందఱికి నొక్కటే సమాధానము చెప్పితిమి: "మనుష్యుడు కాలుమోపని చోటు చూచి వచ్చితిమి." ఈ మాట వినుటకు బాగుండెను, చెప్పుటకు మఱింత బాగుండెను. పదునాఱవనాడు కాబోలు, మా గృహిణి ఖాళీ కాఫీ గ్లాసులు తీసికొని పోవుచు, వచ్చినవారి యెదుటనే, "కాలుమోపని చోటని యెందుకనెదరు? ఆ పెద్ద యింటిలో మనకు స్వాగతము చెప్పిన యామె మనుష్యురాలు కాదా?" అని యడిగి లోపలికి బోయెను. అందఱును నవ్విరి. మేమును నవ్వితిమి. కాని యా రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

అది చిన్న యసత్యము. దానివలన నెవ్వరి సొత్తును పోలేదు, ఎవ్వరి ప్రాణమును పోలేదు. అయినను నిరువదియేండ్లుగా పిల్లలకు నిజము చెప్పుటయే వృత్తిగా గల మాబోటివాడు, తెలిసి తెలిసి, పదునైదు దినములు వరుసగా నొక్క యబద్ధము నేల పలికెను? ఆ యబద్ధములో నంత రుచి యెక్కడనుండి వచ్చెను? ఈ ప్రశ్నను చదువరుల యెదుట నుంచుట మంచిదని తోచినది. ఏలయన, ఈ మాట మే మొక్కరమే పలుకలేదు.

ముందుగా ప్రయాణము సంగతి. మా పూర్వశిష్యు డొకడు సియాటిల్ నగరమున నుద్యోగము చేయుచున్నాడు. వానికి మేము పదవ తరగతిలో వ్యాకరణము చెప్పితిమి. అదొక్కటి తప్ప తక్కినవన్నియు వానికి వచ్చినవి. "మాస్టారూ, మీరును అమ్మగారును ఒక్కసారి రావలెను. చిన్న ఓడలో హిమానీనదముల నడుమ వారము దినముల యాత్ర. ఖర్చు నాది" అని వ్రాసెను. ఆ ఖర్చు విచారింపగా మా పాఠశాలలో నొక యుపాధ్యాయుని సంవత్సరపు జీతమునకు తక్కువ గాదని తేలెను. వలదని రెండుమాఱులు వ్రాసితిమి. మూడవమాఱు వ్రాయలేదు.

వేసవి సెలవులలో, మే నెల చివర, జూనో నగరమున నోడ యెక్కితిమి. వేలకొలది జనుల నెక్కించుకొని తిరుగు మహానౌకలు వేఱు. ఇది యఱువదిమంది ప్రయాణికుల చిన్న యోడ. ఇరుకైన సముద్రపు పాయలలోనికి జొచ్చి పోగలదు. రబ్బరు పడవలలో మనలను తీరమునకు దింపును. చెట్లను, పిట్టలను, మంచును గూర్చి చెప్పుటకు పండితులు వెంట నుందురు. దీనికి 'అన్వేషణయాత్ర' యని పేరు. మూడుపూటల భోజనమునకును సాయంకాలపు పిండివంటలకును నడుమ జరుగునది యన్వేషణ మన్నమాట. పరిహాసము చేయుచున్నాము గాని, నిజమునకు మేమంత సుఖముగా నెన్నడును చదువుకొనలేదు.

నాలుగవనాటి యుదయమున గ్లేసియర్ బే యను నఖాతములోనికి ప్రవేశించితిమి. ఇది యమెరికా ప్రభుత్వమువారి జాతీయోద్యానము. పెద్ద నౌకలు దినమునకు రెంటికి మించి రానీయరు. ఆ నీరు పాలు కలిపినట్లు తెల్లగా నుండెను. కొండల రాతిని మంచు పిండిచేసి దించిన బూడిద వంటి మన్ను దానిలో కలసి యున్నది. మధ్యాహ్నమునకు మార్జరీ యను హిమానీనదము నెదుట ఓడ నిలిచినది. దాని ముఖము సుమారు మైలు వెడల్పు. నీటిపైకి 250 అడుగుల యెత్తు. మంచు తెల్లగా నుండునని మన మనుకొందుము. ఇది నీలముగా నుండెను. వందల యడుగుల మంచు తన బరువునకు తానే యొత్తుడుపడి గట్టిపడినపుడు, వెలుతురులోని యెఱుపును మ్రింగి నీలమును విడుచునట. మేము చూచుచుండగనే గోడనుండి మా పాఠశాల భవనమంతటి ముక్క యొకటి విడివడి నీటిలో కూలెను. కూలుట మొదట కనబడెను. చప్పుడు తరువాత వచ్చెను. అఱువదిమందిలో నొక్కరును మాటాడలేదు. తేలివచ్చిన చిన్న ముక్కలకు చేరువగా పడవలో బోయినపుడు, పోపులో ఆవాలు చిటపటలాడినట్టు సన్నని సవ్వడి వినబడెను. ఎప్పుడో మంచులో చిక్కుకొనిన గాలి బుడగలు విడుదల యగుచున్నవని పండితుడు చెప్పెను. పోపుతోడి పోలిక మా గృహిణిది. మా సంస్కృతపాండిత్యమునకు అంత దగ్గఱి పోలిక దొరకలేదు.

1794వ సంవత్సరమున వాంకూవర్ నావికులు ఈ ప్రాంతమునకు వచ్చినపుడు ఇచ్చట నఖాతమే లేదు. సముద్రపు టొడ్డున కొలది మైళ్ల నొక్కు, దానివెనుక మంచుగోడ. 1879లో జాన్ మ్యూర్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు తెడ్లపడవలో వచ్చునప్పటికి ఆ గోడ నలువది మైళ్లకు పైగా వెనుకకు బోయి యుండెను. నేటికి 65 మైళ్లు. మనము మార్జరీని చూచుటకు ఓడలో బోయిన దారి యంతయు ఒకప్పుడు మంచే. ఈ మంచు కరగుట యంతయు మన యంత్రముల పొగవలననే యని కొందఱు ప్రయాణికు లనుచుండిరి, అది సరిగాదు. తొలి తిరోగమనము ఆ పొగ దట్టము గాకమునుపే ఆరంభమైనది. కాని నేడు ఆ ప్రాంతపు హిమానీనదములలో మిక్కిలి భాగము పలుచనగుటకు వేడెక్కిన గాలియే కారణమను దానిలో సందేహము లేదు. ఈ గాలి వేడెక్కుటలో మా విమానపు పొగయు, ఓడ పొగయు నున్నవి. "కరగిపోకముందే చూడవలెనని వచ్చితిమి" అని మా బల్లకడ కూర్చుండు వృద్ధదంపతులు చెప్పిరి. మేమును తల యూపితిమి. జబ్బుమనిషిని చూడబోయి తలుపులన్నియు మూసి యా గదిలోనే చుట్ట కాల్చు చుట్టములు మనలో లేరా? మే మట్టివారమే. దీనికి సమాధానము మాకు దొరకలేదు, దొరకినట్లు నటింపము.

మఱునాడు జాన్స్ హాప్కిన్స్ యను పాయలోనికి పోవుదుమని కొంద ఱాశపడిరి. మే, జూన్ మాసములలో దానిలోనికి ఏ యోడను పోనీయరు. సీలు జంతువులు ఆ తేలుమంచు పలకలపై నీనును. ఓడ దగ్గఱకు వచ్చిన బెదరి నీట దుముకును. పిల్లలు తల్లులకు దూరమగును. "ఇంత దూరము వచ్చి తలుపు మూసియుండుట చూడవలసినదా?" యని యొక పెద్దమనిషి విసుగుకొనెను. బాలింతగదిలోనికి దారి లేదన్నందుకు మన యిండ్లలో నెవ్వరును విసుగుకొనరు గదా యని మా గృహిణి మాతో ననెను.

ఆనాడే మధ్యాహ్నము మమ్ము రబ్బరు పడవలో నొక రాతిపాటి తీరమున దింపిరి. ఏ వస్తువును తీయరాదని, ఆకైనను త్రుంచరాదని ముందే చెప్పిరి. అచ్చట మేమొక రాయి చూచితిమి. అఱచేతిలో నిమిడినది, నల్లనిది, ఒక వైపు నున్ననిది. ఆ నున్నని వైపున గోరుతో గీచినట్లు మూడు సమాంతరరేఖలు. హిమానీనదము కడుపులో రాళ్లు బెట్టుకొని కదలుచుండగా రాయి రాతిని గీచిన గీతలవి. మా పిల్లలకు పుస్తకములోని బొమ్మకంటె ఈ రాయి యొక్క నిమిషమున నెక్కువ చెప్పును. మేము చుట్టును చూచితిమి. చుట్టుపట్ల నెవ్వరును లేరు, కోట్ల రాళ్లున్నవి. నిబంధన గుంపులకొఱకు గాని, విద్యకొఱకు తీసికొను ఉపాధ్యాయునికొఱకు గాదని మా మనస్సు వెంటనే వ్యాఖ్యానము చేసెను. వ్యాఖ్యానములు చేయుటలో మాకు చిన్ననాటినుండి యభ్యాసమున్నది. రాయి కోటు జేబులోనికి బోయినది.

మఱునాటి సాయంకాలము ఓడ బార్ట్‌లెట్ కోవ్ అనుచోట నాగెను. అచ్చట దేవదారు పలకలతో కట్టిన యొక పెద్ద యిల్లున్నది. హూనా ట్లింగిట్ అను జాతివారి వంశములకు చెందిన యిల్లది, 2016లో తెరువబడినది. అందొక నడివయస్సు స్త్రీ మమ్ము కూర్చుండబెట్టి, "మా యింటికి స్వాగతము" అని మొదలిడెను. ఇల్లనగా ఆ భవనమని మేమనుకొంటిమి. ఆమె చేయి కిటికీవైపు చాపి, నీటిని, కొండలను, మేము చూచివచ్చిన మంచును చూపెను.

వారి పూర్వులు ఆ లోయలో నూళ్లు కట్టుకొని యుండిరట. ఒక బాలిక హిమానీనదమును తేలికమాటతో పిలిచెను. అది విని మంచు ఇండ్లమీదికి నడచి వచ్చినది. ఊరంతయు పడవ లెక్కి పోవలసివచ్చినపుడు ఒకరు ఇల్లు విడిచి రానని యుండిపోయిరి. ఒక వృద్ధురాలని కొంద ఱందురు, ఆ బాలికయే యని కొంద ఱందురు. కథ యని కొట్టివేయవలదు. సుమారు మూడువందల యేండ్ల క్రిందట అచ్చట హిమానీనదము వేగముగా ముందునకు జరిగినదని నేటి శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు. మంచు వెనుకకు పోయిన తరువాత వారు మరల ఆ నీటికి వచ్చి సీలు వేటాడిరి, గల్ పక్షుల గ్రుడ్లేఱుకొనిరి. ఆ యఖాతమునకు వారిడిన పేరున కర్థము 'హిమానీనదము ఉండినచోటి యఖాతము.' మంచు వచ్చినది, పోయినది చూచినవారు గాక అట్టి పేరెవ్వరు పెట్టగలరు? దీనిని కనుగొన్నవాడని పుస్తకములు పొగడు మ్యూర్ పండితుని పడవను నడిపినవారు ట్లింగిట్లే. వారిలో నొకడు బాల్యమున ఇచ్చట సీలు వేటాడినవాడు.

జేబులోని రాయి యప్పుడు మాకు బరువుగా తోచెనని వ్రాసిన అందముగా నుండును. అట్లు తోచలేదు. దానిని మేము పూర్తిగా మఱచియుంటిమి. గుర్తుకు వచ్చినది ఓడ గ్రంథాలయములో హారిమన్ యాత్రను గూర్చిన పుస్తకము చదువునపుడు.

ఎడ్వర్డు హారిమన్ అమెరికాలో రైలుమార్గముల యధిపతి. పనిచే నలసిన యాతనికి వైద్యులు విశ్రాంతి విధించిరి. 1899 మే నెల చివర ఆయన సియాటిల్ నుండి 'జార్జి డబ్ల్యు. ఎల్డర్' అను నోడలో కుటుంబముతోడను, దేశమునందలి పేరుపొందిన శాస్త్రజ్ఞులతోడను, చిత్రకారులతోడను అలాస్కా తీరమునకు బయలుదేఱెను. రెండునెలల యాత్ర. ఓడలో పియానో యున్నది, ఐదువందల గ్రంథము లున్నవి, పాలకొఱకు ఆవు కూడ నున్నది. మేమెక్కిన యోడకు ఆ యోడ ముత్తాత యనవచ్చును. వారు వినోదమునకు మాత్రము పోలేదు. ఆ పండితులు సేకరించి వ్రాసిన సంపుటములు నేటికిని శాస్త్రజ్ఞులకు పనికివచ్చుచున్నవి. వారిలో మ్యూర్ కూడ నుండెను.

జూలై చివర, తిరుగుదారిలో, కేప్ ఫాక్స్ అనుచోట నొక ట్లింగిట్ గ్రామము కనబడెను. ఇండ్లున్నవి. ఇండ్ల ముందఱ దేవదారు మ్రాకులపై వంశచిహ్నములు చెక్కిన టోటెమ్ స్తంభము లున్నవి. మనుష్యులు లేరు. విడిచిన యూరని నిశ్చయించి వారు స్తంభములను పెకలించిరి, ఇండ్లలోని వస్తువులను మోసిరి, ఓడ కెక్కించిరి. వానిలో పెక్కు చక్కగా మ్యూజియములకే చేరినవి. ఎవ్వరును సొంతమునకు అమ్ముకొనుటకై చేసిన పని గాదు. మ్యూర్ మాత్రము దీనిని మెచ్చక యెడముగా నుండెను. తక్కినవా రా స్తంభముల ముందఱ వరుసగా నిలిచి, కూర్చుండి, ఛాయాచిత్రము తీయించుకొనిరి. ఆ చిత్రము మేము చూచితిమి. దొంగల ముఖములు గావు. చదువుకొన్నవారి ముఖములు, మా పాఠశాల వార్షికోత్సవపు చిత్రములోని ముఖముల వంటివి.

ఆ యూరివారు చావలేదు. కొన్ని యేండ్లకు ముందు పాఠశాల, ప్రార్థనామందిరము గల శాక్స్‌మన్ అను మఱియొక యూరికి తరలిపోయి యుండిరి. వారి సంతతివారికి ఆ స్తంభములలో పెక్కు తిరిగి యప్పగింపబడినది 2001వ సంవత్సరమున, అనగా 102 యేండ్లకు. అదియు, అట్టి సొత్తును తిరిగి యీయవలెనని 1990లో చట్టము వచ్చిన పిమ్మట.

మా దేశపు ధర్మశాస్త్రములో దీని కొక మాట యున్నది. స్వామి యెవడో తెలియని ధనము దొరకినపుడు రాజు దానిని మూడేండ్లు దాచి యుంచవలెనని మనువు విధించెను. ఈలోపల నెవడైన వచ్చి, వస్తువు రూపమును సంఖ్యను సరిగా చెప్పినచో దానిని వానికీయవలెను. మనువు చెప్పిన యనేకవిషయములను మేము తరగతిలో ఖండించుచుందుము, ఇకముందును ఖండింతుము. కాని ఈ విధిలో నొక వివేకమున్నది: కనబడని స్వామి లేనట్లే యని యిందు లేదు. లేని వానికొఱకు కనిపెట్టుకొని యుండు టిందున్నది. కేప్ ఫాక్స్‌లో మూడేండ్లు గాదు, మూడుదినము లాగినను, శాక్స్‌మన్‌కు మనిషిని పంపి యడిగినను, ఏ స్తంభముపై నే జంతువు చెక్కబడెనో, అది యెవ్వరి తాతదో చెప్పగలవారు వచ్చియుందురు. వా రడుగలేదు. ఏలయన, ఎవ్వరును లేరని యప్పటికే నిశ్చయించుకొనిరి.

ఇచ్చటనే మా యబద్ధములోని రుచి మాకు తెలిసివచ్చినది. "మనుష్యుడు కాలుమోపని చోటు" అనునది వర్ణన గాదు, అదొక యనుమతిపత్రము. ఎవ్వరును లేనిచోట ఎవ్వరి నడుగ నక్కఱలేదు. ఎవ్వరును చూడనిది చూచితిమను గర్వము దాని ముందువైపు. ఎవ్వరి నడుగకయే తీసికొనవచ్చునను సౌకర్యము దాని వెనుకవైపు. పరధనమును ముట్టని సజ్జనుడు సయితము ఎవ్వరిదియు గానిది యని పేరు పెట్టిన వెంటనే చేయి చాపును. అది విద్యకొఱకైనచో ఱెండుచేతులును చాపును. అట్లు పేరు పెట్టువాడును తానే.

పండ్రెండేండ్ల క్రిందట పిల్లలను లాంచీలో పాపికొండలకు తీసికొనిపోయి, వచ్చి, పాఠశాల పత్రికలో నొక వ్యాసము వ్రాసితిమి. అలాస్కానుండి వచ్చిన పిదప దానిని వెదకి తీసి చూచితిమి. "జనసంచారము లేని గంభీరవనములు" అని యున్నది. గోదావరికి రెండువైపుల కొండరెడ్ల గ్రామములుండెను; ఒడ్డున బట్ట లుదుకుచు పిల్లలకు చేయి యూపిన స్త్రీలను మేము కన్నులార చూచితిమి. వ్యాసమునకు వారు పనికిరాలేదు. ఆ గ్రామములలో కొన్ని యిప్పుడు పోలవరము ముంపుకొఱకు ఖాళీ చేయబడినవి. మా వ్యాసమే వారిని పంపినదని యనము. కాని వారి నక్కడ లేకుండ చేసినవారిలో మేము ముందున్నాము.

జాతీయోద్యానము తప్పనియా మీ యభిప్రాయమని యెవరైన నడుగవచ్చును. కాదు. కాపలా లేకున్న ఆ సీలు పిల్లలకు ఆ పాటి బాలింతగది గూడ నుండెడిది గాదు. కాని కాపలా పెట్టిన చేతులును ఖాళీ యను మాటనే నమ్మినవి. 1925లో దానిని రక్షితస్థలముగా ప్రకటించిరి. 1936లో అచ్చట గనులు త్రవ్వువారికి ద్వారము తెఱచిన ప్రభుత్వమే, 1960లనుండి గల్ గ్రుడ్లేఱుకొను హూనా కుటుంబములను నేరస్థులుగా నెంచెను. వారు గ్రుడ్లేఱుకొను పద్ధతి వినదగినది. గూటిలో నొకటి రెండు గ్రుడ్లున్నచో తీయుదురు. పక్షి మరల పెట్టును. మూడున్నచో ముట్టరు, అది పొదుగ మొదలిడినదని గుర్తు. వందల యేండ్లుగా లెక్కపెట్టి తీసినవారిని తీయవలదన్నది, లెక్కయే యెఱుగని రాజ్యము. వారికి మరల అనుమతి నీయవచ్చునని చట్టము 2014లో వచ్చినది.

ఆ యిల్లు చూచిన తరువాతనే మేము రాతిని తిరిగి తీరమున వేసి యుండవచ్చును. అప్పటికి మేము దాని సంగతియే తలపలేదు. తలచినపుడు ఓడ జూనో దారిలో నున్నది. అప్పుడైనను చెప్పి యుండవచ్చును. సిగ్గుపడి చెప్పలేదు. ఇంటికి తెచ్చి, తొమ్మిదవ తరగతిలో నొక్కమాఱు చూపితిమి. పిల్లలు గీతలను వ్రేళ్లతో తడవి మిక్కిలి సంతోషించిరి. పాఠము నిజముగా బాగుగనే జరిగినది. ఒక బాలిక "ఇది యెవరిచ్చినారు, మాస్టారూ?" అని యడిగెను. గంట కొట్టిరి.

శిష్యునికి ఫోనులో చెప్పగా నవ్వి, "అక్కడ రాళ్లకేమి కొదువ, మాస్టారూ! ఉంచుకొనుడు" అనెను. ఉద్యానమువారి చిరునామా కనుగొని వ్రాసిపెట్టుకొంటిమి. పంపినను వారు దానిని యథాస్థానమున నుంచలేరు. ఆ తీరము పేరేమో మేమడుగలేదు, ఎవ్వరిదియు గాని చోటికి పేరెందుకని. ప్రస్తుత మది మా గృహిణి గుడ్డలో మూటకట్టి బీరువాలో పెట్టినది. శిష్యుని తల్లిగారు దసరా తరువాత సియాటిల్ పోవుచున్నారు. ఊరగాయ జాడీలతో ఆమె సంచులు ఇప్పటికే నిండియున్నవని విన్నాము. ఆదివారమునాడు పోయి, అఱచేయంత చోటున్నదేమో యడిగి రావలెను.